స్టెరాయిడ్ మాత్రల మోతాదు, తెలుగు వాడుక: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నోటి ద్వారా తీసుకునే స్టెరాయిడ్ మందులు ఆధునిక వైద్యంలో ప్రాణాధారమైనవి. మోతాదు, కాలవ్యవధి, మానే పద్ధతి తప్పితే అవే ప్రాణాపాయం కలిగిస్తాయి. వైద్యుడు రాసిన చీటీకి, రోగి మింగే మాత్రకు నడుమ భాష ఉంటుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆ భాష ప్రధానంగా తెలంగాణ తెలుగు. దానికి ఉర్దూ, మరాఠీ, గోండి, కొలామి, లంబాడీ భాషల సాంగత్యం ఉంది. స్టెరాయిడ్ మోతాదుకు సంబంధించిన శాస్త్రీయాంశాలను వివరించి, మాత్ర, గోలి, మోతాదు, తగ్గడం, మానడం, ఒళ్లు చేయడం, హస్తవాసి వంటి వాడుకలు ఆ మోతాదు అవగాహనపై చూపే ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పెంపుడు జంతువులకు, పాడిపశువులకు ఈ మందులు వాడేటప్పుడు వచ్చే ప్రత్యేక ప్రమాదాలను చర్చించి, తెలుగులో మోతాదు సూచనలు ఎలా ఉండాలో ఒక నమూనాను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్టెరాయిడ్, మోతాదు, మాత్ర, గోలి, ప్రెడ్నిసొలోన్, ఉత్తర తెలంగాణ, వైద్యభాష, పశువైద్యం, ఆర్.ఎం.పి.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలయింది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. ఉమ్మడి కరీంనగర్ నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. గోదావరికి ఇరువైపులా విస్తరించిన ఈ ప్రాంతంలో సింగరేణి బొగ్గుగనుల కార్మికులు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల బీడీ కార్మికులు, గల్ఫ్ దేశాలకు వలసపోయి వచ్చినవారు, అడవిని ఆశ్రయించుకున్న గోండులు, కొలాములు ఉన్నారు. దమ్ము, కీళ్ల నొప్పులు, చర్మవ్యాధులు ఇక్కడి శ్రమజీవులు తరచుగా చెప్పుకునే బాధలు. స్టెరాయిడ్ మందు అతి త్వరగా ఉపశమనం చూపేది సరిగ్గా ఈ బాధల్లోనే.

ఈ ప్రాంతంలో వైద్యవిద్యా సంస్థలకు కొరత లేదు. ఆదిలాబాద్‌లో రాజీవ్‌గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 2008లో మొదలైంది. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలోను, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. అయినా దవాఖాన గుమ్మం దాటాక రోగి వెంట ఇంటికి వెళ్లేది ఒక చీటీ, ఒక మందుల పొట్లం, దుకాణదారు నోటితో చెప్పిన రెండు వాక్యాలు మాత్రమే. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. మందు పట్టీ మీది అక్షరాలూ ఇంగ్లీషే. కనుక మోతాదు అనేది ఔషధశాస్త్ర సమస్యతో పాటు భాషాసమస్య కూడా. తెలుగు అధ్యయనరంగం ఈ అంశాన్ని పట్టించుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

2. మందు స్వభావం

మూత్రపిండాల పైభాగాన ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. రక్తపోటు, రక్తంలో చక్కెర, రోగనిరోధక ప్రతిస్పందన, జబ్బును తట్టుకొనే శక్తి దీని అధీనంలో ఉంటాయి. ఇది తెల్లవారుజామున పెరిగి ఉదయానికి గరిష్ఠస్థాయికి చేరుతుంది, రాత్రికి కనిష్ఠమవుతుంది. మెదడులోని హైపోథలామస్, పీయూషగ్రంథి కలిసి ఈ ఉత్పత్తిని నియంత్రిస్తాయి.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో కదలలేని స్థితిలో ఉన్న ఒక మహిళకు కార్టిసోన్ ఇచ్చింది. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, టడేయుష్ రైష్‌స్టైన్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది. ఎక్కువ మోతాదుల్లో, ఎక్కువకాలం వాడినవారిలో ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం వంటి పరిణామాలు ఆ తొలి సంవత్సరాల్లోనే కనిపించాయి. 1955 నుంచి ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్, ఆ తరువాత డెక్సామెథాసోన్ వంటివి వాడుకలోకి వచ్చాయి. నేడు మందుల దుకాణాల్లో వైసొలోన్, ఓమ్నాకార్టిల్, మెడ్రోల్, డెక్సోనా, బెట్నెసాల్, డెఫ్‌కార్ట్ వంటి వ్యాపారనామాలతో దొరికేవన్నీ ఈ కుటుంబానికి చెందినవే. వ్యాయామశాలల్లో కండల కోసం వాడే స్టెరాయిడ్లు వేరే జాతివి. పేరు ఒకటే కావడంతో ఈ రెంటి మధ్య గందరగోళం సామాన్యం.

స్టెరాయిడ్ వ్యాధికారణాన్ని తొలగించదు. శరీరం చూపే వాపును, మంటను అణచివేస్తుంది. అందుకే ఏ జబ్బుకైనా మొదట సుఖం కనిపిస్తుంది. లోపల క్షయ వంటి అంటువ్యాధి దాగి ఉంటే అది ఈ అణచివేత చాటున పెరుగుతుంది.

3. మోతాదులోని నాలుగు అంశాలు

స్టెరాయిడ్ విషయంలో మోతాదు అంటే ఎన్ని మాత్రలు అన్న లెక్క ఒక్కటే కాదు. బలం, బరువు, సమయం, దిగే మెట్లు అనే నాలుగింటి కలయికను మోతాదు అనాలి. కింద ఇచ్చిన అంకెలు భావన స్పష్టత కోసం. ఒక రోగికి ఎంత అవసరమో నిర్ణయించవలసింది వైద్యుడే.

3.1 బలం: 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ చేసే పనిని 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్, 4 మి.గ్రా. మిథైల్‌ప్రెడ్నిసొలోన్, సుమారు 0.75 మి.గ్రా. డెక్సామెథాసోన్ చేస్తాయి. అంటే 4 మి.గ్రా. డెక్సామెథాసోన్ మాత్ర ఒకటి దాదాపు 27 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌తో సమానం. 5 కన్నా 4 చిన్న అంకె కాబట్టి తక్కువ మందు అనుకునే పాఠకుడు ఇక్కడ అయిదురెట్లకు పైగా పొరబడతాడు. ఒకే మందు వేర్వేరు బలాల్లో దొరకడం మరో చిక్కు. ప్రెడ్నిసొలోన్ 5, 10, 20, 40 మి.గ్రా. మాత్రలుగా వస్తుంది. మొదటి దుకాణంలో 5 మి.గ్రా. మాత్రలు తీసుకొన్న రోగి రెండోసారి మరో దుకాణంలో 20 మి.గ్రా. మాత్రలు తెచ్చుకొని, పాత లెక్కనే రెండు వేసుకుంటే, మాత్రల సంఖ్య మారకుండానే మందు నాలుగింతలవుతుంది.

3.2 బరువు: పిల్లలకు మోతాదు బరువును బట్టి నిర్ణయమవుతుంది. మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లంతా నీరు పట్టే నెఫ్రోటిక్ సిండ్రోమ్ మొదటిసారి వచ్చిన పిల్లలకు భారతీయ మార్గదర్శకాల ప్రకారం రోజుకు కిలోకు 2 మి.గ్రా. చొప్పున, 60 మి.గ్రా. మించకుండా, 6 వారాలు ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. తరువాత కిలోకు 1.5 మి.గ్రా. చొప్పున, 40 మి.గ్రా. మించకుండా, రోజు విడిచి రోజు మరో 6 వారాలు ఇస్తారు. 15 కిలోల బిడ్డకు మొదటి దశలో రోజుకు 30 మి.గ్రా., అంటే 5 మి.గ్రా. మాత్రలు ఆరు. పసిబిడ్డకు ఆరు మాత్రలా అని తల్లి జంకడం సహజం. ఆ భయంతో తగ్గించి ఇస్తే జబ్బు లొంగదు. భద్రమైన మోతాదు అంటే తక్కువ మోతాదు కాదు. ఆ జబ్బుకు, ఆ బరువుకు, ఆ కాలానికి తగిన మోతాదు. మోతాదు మితిమీరితే ఎంత ప్రమాదమో, చాలకపోతే అంత ప్రమాదం.

3.3 సమయం: శరీరం కార్టిసాల్‌ను ఉదయం ఎక్కువగా తయారుచేస్తుంది కనుక రోజుకు ఒకసారి వేసుకొనే స్టెరాయిడ్‌ను సాధారణంగా ఉదయం, ఆహారం తిన్న తరువాత ఇస్తారు. రాత్రి వేసుకొంటే నిద్ర చెడుతుంది. నొప్పి మాత్రలతో కలిపి వేసుకొంటే జీర్ణాశయంలో పుండ్లు, రక్తస్రావం వచ్చే అవకాశం పెరుగుతుంది. గ్రామంలో ఒకే పొట్లంలో కట్టి ఇచ్చే రంగురంగుల మాత్రల్లో ఈ రెండూ కలిసి ఉంటే రోగికి తెలిసే మార్గం లేదు.

3.4 దిగే మెట్లు: బయటినుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం అధివృక్క గ్రంథులు తమ పనిని తగ్గించుకుంటాయి. దమ్ము హఠాత్తుగా పెరిగినప్పుడు పెద్దలకు ఇచ్చే 5 నుంచి 7 రోజుల వాడకాన్ని సాధారణంగా నేరుగా ఆపవచ్చు. శరీరావసరానికి మించిన మోతాదును 3, 4 వారాలకు మించి వాడినవారు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. నిద్రపోయిన గ్రంథి మేలుకోవడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఈలోగా జ్వరమో, శస్త్రచికిత్సో, ప్రమాదమో ఎదురైతే శరీరానికి కావలసిన కార్టిసాల్ అందదు. విపరీతమైన నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం జరిగి, సకాలంలో హైడ్రోకార్టిసోన్ సూది అందకపోతే మరణం సంభవించవచ్చు.

మెట్ల పద్ధతికి చక్కని ఉదాహరణ కుష్ఠు చికిత్సలో ఉంది. 1983లో ఆరంభమైన జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో, నరాలను దెబ్బతీసే ప్రతిచర్యలకు 12 వారాల ప్రెడ్నిసొలోన్ పట్టిక చాలాకాలంగా వాడుకలో ఉంది. రెండేసి వారాలకు ఒక మెట్టు చొప్పున రోజుకు 40, 30, 20, 15, 10, 5 మి.గ్రా. ఇస్తారు. 5 మి.గ్రా. మాత్రల్లో చెప్పాలంటే రోజుకు 8, 6, 4, 3, 2, 1. మొత్తం 336 మాత్రలు, 1680 మి.గ్రా. మూడో మెట్టు దగ్గర చేతి తిమ్మిరి తగ్గిందని ఆపేసిన రోగికి నరం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. పన్నెండో వారం తరువాత కూడా సొంతంగా కొనసాగించిన రోగికి స్టెరాయిడ్ దుష్ఫలితాలు మొదలవుతాయి. రెండు సందర్భాల్లోనూ రోగికి కావలసింది మెట్లు స్పష్టంగా కనిపించే భాష.

4. వాడుకభాషలోని చిక్కులు

4.1 మాత్ర, గోలి, బిళ్ల: సంస్కృతంలో మాత్ర అంటే కొలత. ఛందస్సులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. అక్కడ అది కాలాన్ని కొలిచే ప్రమాణం. ఆయుర్వేదంలో ఔషధపరిమాణాన్ని మాత్ర అన్నారు. పరిమాణాన్ని చెప్పే మాట క్రమంగా ఆ పరిమాణంలో చుట్టిన ఉండకు పేరయింది. రెండు మాత్రమే అన్నప్పుడు పరిమితిని సూచించేది కూడా ఈ పదమే. కరీంనగర్, ఆదిలాబాద్ వాడుకలో మాత్రకు బదులు గోలి వినిపిస్తుంది. గోలి ఆకారాన్ని చెబుతుంది. కోస్తా వాడుకలోని బిళ్ల కూడా అంతే. గోలి అనే మాటలో బలం, కొలత ధ్వనించవు కనుక రోగి మనసులో ఒక గోలి మరో గోలితో సమానమవుతుంది. చిన్న తెల్ల గోలి అన్న గుర్తు తయారీ సంస్థ మారితే చెరిగిపోతుంది. గోలి అనే పదాన్ని తీసివేయనక్కరలేదు. 'అయిదు మిల్లీగ్రాముల గోలి' అని అంకెను ఆ పదానికి జతచేస్తే చాలు.

4.2 మోతాదు: ఇది ఉర్దూ మార్గాన తెలుగులోకి వచ్చిన అరబ్బీ పదం. మూలార్థం అలవాటైనది, వాడుకైనది. మరాఠీలోనూ ఈ పదం ఇదే అర్థంలో ఉంది. అలవాటుగా తీసుకొనే కొలతను చెప్పే ఈ పదం రోజూ మారిపోయే మెట్ల మోతాదును చెప్పడానికి ఒక్కటే సరిపోదు. ఈ వారం మోతాదు, వచ్చే వారం మోతాదు అని కాలాన్ని చేర్చినప్పుడు స్పష్టత వస్తుంది.

4.3 తగ్గడం, మానడం: జ్వరం తగ్గింది అంటే జ్వరం పోయింది అన్న అర్థంలో వాడతారు. మోతాదు తగ్గించండి అంటే కొంత తీసివేయమని. వైద్యుడు తగ్గించుకుంటూ రమ్మన్నప్పుడు రోగికి తగ్గితే రమ్మన్నట్టు వినిపించే అవకాశం ఉంది. మాను అనే క్రియ మరింత చిక్కైనది. పుండు మానింది అంటే నయమైంది. మందు మానాడు అంటే వాడటం ఆపాడు. నయం కావడాన్ని, ఆపడాన్ని ఒకే ధాతువు చెప్పడం వల్ల బాధ మానినప్పుడు మందు మానడం లోకసహజమైన తర్కమైంది. యాంటీబయాటిక్స్ విషయంలో కోర్సు పూర్తిచేయాలన్న ప్రచారం జనంలోకి వెళ్లింది. స్టెరాయిడ్ విషయంలో చెప్పవలసిన మాట వేరు: మెట్టు మెట్టుగా దిగాలి. గడంచె ఎక్కినవాడు దూకడు, మెట్లమీదుగా దిగుతాడు అన్న పోలిక పొలాల్లో మంచెలు ఎక్కిదిగే రైతుకు సులువుగా అర్థమవుతుంది.

4.4 ఒళ్లు చేయడం, హస్తవాసి: కృశించిన మనిషి ఒళ్లు చేస్తే ఆరోగ్యం కుదుటపడిందని భావించడం తెలుగు సమాజంలో పరిపాటి. స్టెరాయిడ్ ఆకలిని పెంచుతుంది, ముఖాన్ని గుండ్రంగా చేస్తుంది, నీరు పట్టిస్తుంది. ప్రమాదసూచనగా గుర్తించవలసిన లక్షణం ఇక్కడ శుభసూచనగా అన్వయమవుతుంది. అలాగే ఒక్క సూదితో, ఒక్క పొట్లంతో నొప్పి మాయమైతే ఆ కీర్తి మందుకు కాక ఇచ్చినవారి హస్తవాసికి దక్కుతుంది. హస్తవాసి అనే నమ్మకంలో మందు పేరు అడగవలసిన అవసరం కనిపించదు. కీళ్ల నొప్పులకు అమ్మే నాటుమందు పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు దేశంలో పలుచోట్ల ప్రయోగశాల పరీక్షల్లో బయటపడ్డాయి. చెట్టుమందు అన్న మాట నమ్మి వాడినవారు హఠాత్తుగా ఆపినప్పుడు కూలబడిపోతే కారణం వైద్యుడికి కూడా వెంటనే అంతుపట్టదు.

4.5 ఆర్.ఎం.పి.: స్టెరాయిడ్ మాత్రలు 1945 నాటి ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి వస్తాయి. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్చరిక పట్టీ మీద ఉంటుంది. చట్టంలో ఈ మూడక్షరాల అర్థం నమోదైన వైద్యుడు. తెలంగాణ పల్లెల్లో ఆర్.ఎం.పి. అంటే రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే వైద్యపట్టా లేకుండా ఊళ్లో ప్రథమచికిత్స చేసే వ్యక్తి. ఒకే సంక్షిప్తరూపం రెండు విరుద్ధార్థాలను మోస్తున్నది. హెచ్చరికను అక్షరాలా చదివిన గ్రామీణుడికి ఆర్.ఎం.పి. ఇస్తే చాలునన్న భావం కలిగితే తప్పు అతనిది కాదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే అన్న వాస్తవాన్ని విస్మరించకుండానే, దీర్ఘకాల స్టెరాయిడ్ నిర్ణయం ఆయన పరిధిలోనిది కాదని జనానికి చెప్పవలసి ఉంది.

4.6 భాషల కూడలి: ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వంటి చోట్ల వైద్యసిబ్బంది తెలుగు మాట్లాడినా రోగి గోండిలోనో కొలామిలోనో ఆలోచిస్తాడు. తెలుగులో రాసి ఇచ్చిన సూచన కూడా అతనికి రెండో భాషే. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ మార్లవాయి కేంద్రంగా గోండి వాచకాలతో పాఠశాలలు నడిపిన అనుభవం ఈ ప్రాంతానికి ఉంది. చదువుకు మాతృభాష అక్కరకు వచ్చినట్టే మందుకూ వస్తుంది. ఆశా కార్యకర్త నోటిమాట, సూర్యుడు, చంద్రుడు, అన్నం పళ్లెం వంటి బొమ్మలు ఇక్కడ అక్షరాలకన్నా నమ్మకమైనవి.

5. కొవిడ్ కాలం నేర్పిన పాఠం

2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన డెక్సామెథాసోన్ ఫలితాలను ప్రకటించింది. రోజుకు 6 మి.గ్రా. చొప్పున గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చినప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ తీసుకొంటున్నవారిలో 26.2 శాతం నుంచి 23.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలు కనిపించలేదు. వార్త జనంలోకి చేరేసరికి చివరి వాక్యం జారిపోయింది. 2021 రెండో ఉధృతిలో దేశమంతటా ఆక్సిజన్ అవసరం లేనివారు కూడా, జ్వరం వచ్చిన తొలిరోజుల నుంచే, స్టెరాయిడ్లు వాడిన సందర్భాలు విరివిగా ఉన్నాయి. అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్ వాడకం కలిసినచోట మ్యూకర్‌మైకోసిస్ విజృంభించింది. తెలంగాణ ప్రభుత్వం 2021 మే నెలలో దానిని 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద ప్రకటిత వ్యాధిగా చేర్చి, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన చికిత్సాకేంద్రం చేసింది. జనం దానిని బ్లాక్ ఫంగస్ అన్నారు.

ఎవరికి, ఎప్పుడు, ఎన్నిరోజులు అన్న మూడు షరతులు లేకుండా ప్రచారమైన మందుపేరు సగం వార్త మాత్రమే. శాస్త్రవార్తను తెలుగు చేసేవారు షరతువాక్యాన్ని ప్రధానవాక్యంగా రాయాలన్నది ఈ అనుభవం నుంచి గ్రహించవలసిన సూత్రం.

6. పెంపుడు జంతువులు, పాడిపశువులు

కుక్కల దురద, అలర్జీ, కొన్ని రోగనిరోధక వ్యాధులకు పశువైద్యులు కూడా ప్రెడ్నిసొలోన్ వాడతారు. వాపు, దురద తగ్గించడానికి కుక్కలకు సాధారణంగా రోజుకు కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా., రోగనిరోధకశక్తిని అణచవలసి వచ్చినప్పుడు సుమారు 2 మి.గ్రా. ఇస్తారు. భారీకాయమున్న కుక్కలకు కిలో లెక్కన ఇస్తే మందు ఎక్కువవుతుంది కనుక దేహ ఉపరితల వైశాల్యాన్ని బట్టి తగ్గిస్తారు. 12 కిలోల కుక్కకు దురద మోతాదు 6 నుంచి 12 మి.గ్రా. ఇంట్లో యజమాని వాడగా మిగిలిన 40 మి.గ్రా. మాత్ర ఒకటి వేస్తే కిలోకు 3.3 మి.గ్రా. అవుతుంది, పై రెండు హద్దులూ దాటిపోతాయి. పిల్లి కాలేయం ప్రెడ్నిసోన్‌ను ప్రెడ్నిసొలోన్‌గా సరిగా మార్చుకోలేదు కనుక దానికి నేరుగా ప్రెడ్నిసొలోనే ఇస్తారు. ఒక్క అక్షరం తేడా ఉన్న ఈ రెండు పేర్లను తెలుగులో రాసేటప్పుడు జాగ్రత్త అవసరం.

స్టెరాయిడ్ వాడే కుక్క ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఎక్కువసార్లు మూత్రం పోస్తుంది, ఆకలిగా ఉంటుంది, రొప్పుతుంది. మూత్రం పోస్తోందని నీళ్లు తగ్గించడం ప్రమాదకరం. నొప్పి మాత్రలను దీనితో కలిపి ఇస్తే కుక్కల్లో జీర్ణాశయం చిల్లుపడే ముప్పు ఉంది. కొన్ని వారాలు వాడాక ఆపేటప్పుడు మనుషులకు వర్తించే మెట్ల సూత్రమే జంతువులకూ వర్తిస్తుంది. మాత్ర ఉమ్మేసిందో మింగిందో చూడక మళ్లీ ఇవ్వడం, ఇంట్లో ఇద్దరు చెరొకసారి ఇవ్వడం తరచు జరిగే పొరపాట్లు. గోడ మీద క్యాలెండరులో ఇచ్చిన రోజుకు గీత పెట్టడం వీటికి తేలికైన విరుగుడు.

పాడిపశువుల్లో స్టెరాయిడ్ ఎక్కువగా సూదిమందు రూపంలో ఉంటుంది. చూడి బర్రెకు, ఆవుకు చివరి నెలల్లో డెక్సామెథాసోన్ ఇస్తే నెలలు నిండకముందే ఈనడం, ఈసుకుపోవడం, మాయ పడకపోవడం జరగవచ్చు. జ్వరానికి సూది వేయించే రైతు ముందుగా పశువు ఎన్ని నెలల చూడిదో చెప్పడం అత్యవసరం. మందు వాడిన పశువు పాలను ఎన్నిరోజులు అమ్మకూడదో కూడా అడిగి తెలుసుకోవాలి. పశువుల మందు పట్టీపై జంతువులకు మాత్రమే అన్న హెచ్చరిక, పశువు బొమ్మ ఉంటాయి. బొమ్మ చదువురానివారికి కూడా అర్థమయ్యే భాష. రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ అందుబాటులో ఉంది.

మనుషుల మందును పశువులకు వాడటం వల్ల వచ్చే ఫలితాలు ఇంటి గడపకు పరిమితం కావనడానికి ఈ ప్రాంతంలోనే నిదర్శనం ఉంది. స్టెరాయిడ్ కాకపోయినా, డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు ఇచ్చిన పశువుల కళేబరాలను తిని దక్షిణాసియాలో రాబందులు లక్షల సంఖ్యలో అంతరించాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించినా, మనుషులకోసం తయారైన పెద్దసీసాలు పశువులకు మళ్లుతున్నందువల్ల 2015లో వాటి పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు తగ్గించవలసి వచ్చింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట రాబందుల ఆవాసంగా గుర్తింపు పొందినది. ఒక పశువుకు ఇచ్చిన మోతాదు అడవిలోని పక్షిదాకా ప్రయాణించగలదని ఆ గుట్ట గుర్తుచేస్తుంది.

7. తెలుగు సూచనకు ఒక నమూనా

బ్రిటన్‌లో 2020 నుంచి దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడేవారికి అత్యవసర కార్డు ఇస్తున్నారు. స్పృహతప్పిన రోగి తరఫున కార్డు మాట్లాడుతుంది. అటువంటిది తెలుగులో ఉండాలంటే కింది లక్షణాలు అవసరం.

ఒకటి, మందు జాతిపేరు, ఒక్కో మాత్ర బలం తెలుగు లిపిలో ఉండాలి. రెండు, వారాల సంఖ్యకు బదులు తేదీలు ఉండాలి. మూడు, 1-0-1 వంటి గుర్తులకు బదులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్న మాటలు, పక్కన బొమ్మలు ఉండాలి. నాలుగు, ఒక వాక్యంలో ఒకే ఆదేశం ఉండాలి. అయిదు, తగ్గించు, మాను అనే క్రియలను విడిగా వాడకుండా ఎన్నినుంచి ఎన్నికి అన్నది చెప్పాలి. ఆరు, రోజు విడిచి రోజు అన్నచోట తేదీలకు సున్నా చుట్టాలి. లేకపోతే 31వ తేదీ తరువాత లెక్క తప్పుతుంది.

కుష్ఠు పట్టికలోని మొదటి రెండు మెట్లను ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

'ఇది స్టెరాయిడ్ మందు. పేరు ప్రెడ్నిసొలోన్. ఒక్కో గోలి 5 మిల్లీగ్రాములు. మార్చి 1 నుంచి మార్చి 14 వరకు రోజూ పొద్దున తిన్నాక 8 గోలీలు ఒకేసారి వేసుకోవాలి. మార్చి 15 నుంచి మార్చి 28 వరకు రోజూ పొద్దున తిన్నాక 6 గోలీలు వేసుకోవాలి. బాధ లేకపోయినా మధ్యలో ఆపకూడదు. వాంతులై గోలి నిలవకపోతే ఆ రోజే దవాఖానకు వెళ్లాలి. ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా ఈ కార్డు చూపాలి. ఈ గోలీలను ఇంకొకరికి, పశువుకు, కుక్కకు ఇవ్వకూడదు.'

దీనికి తోడుగా దాహం, మూత్రం అతిగా ఉండటం, నల్లని మలం, చూపు మసకబారడం, వారాలకొద్దీ దగ్గు, ప్రవర్తనలో మార్పు కనిపిస్తే వైద్యుడికి చెప్పాలన్న జాబితా ఉండాలి. ఉప్పు, చక్కెర తగ్గించాలన్న మాటను పథ్యం అన్న పదంతో చెబితే పెద్దవారికి వెంటనే చేరుతుంది. ఆయుర్వేదం అలవాటు చేసిన పథ్యం, అనుపానం వంటి భావనలు తెలుగువారి మనసులో ఇంకా సజీవంగా ఉన్నాయి. కొత్త మందుకు పాత మాట సాయపడే సందర్భం ఇది.

8. ముగింపు

స్టెరాయిడ్ మందును దేవుడిగా పూజించనక్కరలేదు, దయ్యంగా భయపడనక్కరలేదు. తగిన బలం, తగిన బరువులెక్క, తగిన సమయం, తగిన మెట్లు కుదిరినప్పుడు అది నరాలను, ఊపిరిని, మూత్రపిండాలను కాపాడుతుంది. ఈ నాలుగింటిలో ఏది జారినా అపాయమే. ఉత్తర తెలంగాణ అనుభవం పరిశీలిస్తే ఆ జారుడు చాలాసార్లు మాటల దగ్గరే మొదలవుతున్నదని తెలుస్తుంది. గోలి అన్న పదంలో కొలత కనిపించదు, మానడం అన్న క్రియలో నయం, నిలుపుదల ఒకటైపోతాయి, ఆర్.ఎం.పి. అన్న అక్షరాల్లో చట్టం ఒకటి చెబితే ఊరు మరొకటి వింటుంది.

వైద్యకళాశాలలు, పశువైద్య కళాశాల, డిగ్రీ కళాశాలల తెలుగుశాఖలు ఒకే జిల్లాల్లో పక్కపక్కనే ఉన్న ప్రాంతమిది. మాండలిక పదసేకరణలో తెలుగుశాఖలకు అనుభవం ఉంది. జబ్బుల పేర్లు, పూటల పేర్లు, కొలతల పేర్లు సేకరించి, వైద్యులతో కలిసి సూచనపత్రాలు తయారుచేసి, గోండి, కొలామి మాట్లాడేవారి దగ్గర చదివి వినిపించి సరిచూడటం పరిశోధకులు చేపట్టదగిన పని. సూచనను విన్న రోగి తిరిగి తన మాటల్లో చెప్పగలిగినప్పుడే ఆ సూచన సరైనదని నిర్ధారించాలి. మాత్ర అన్న పదానికి మూలార్థం కొలత. ఆ అర్థాన్ని మాత్ర మింగే మనిషికి మళ్లీ అందించడం తెలుగు భాషాధ్యయనం చేయగల సేవ.